యల్లాప్రగడ వారి పేరుతో వెతికితే పిల్లల ల్యుకేమియా రావడం లేదు, ఎందుకు?

గుంటూరు_లైబ్రరీ:
అందరికీ నమస్కారం. గుంటూరులో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తాను. జనవరి 12న శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి జయంతికి హాల్లో ఒక బోర్డు పెడుతున్నాం. ఫొటో, భీమవరంలో పుట్టడం, హార్వర్డ్, లెడర్లీ మందుల కంపెనీ, 1995లో వచ్చిన తపాలా బిళ్ల, ఇవన్నీ ఏటా పెట్టేవే. ఈసారి ఆయన పరిశోధన పత్రాలు, ఏ పత్రానికి ఎన్ని సైటేషన్లు (వేరే పత్రాలు దాన్ని ఉదహరించడం) వచ్చాయో ఆ వివరం పెడదామని నేనే అడిగాను. చిన్నపిల్లల బ్లడ్ క్యాన్సర్ మీద పనిచేసిన తొలి మందు ఆయన ల్యాబ్ నుంచి వచ్చిందని అందరం చదువుకున్నదే కాబట్టి ఆ పత్రం మధ్యలో, పెద్దక్షరాల్లో ఉండాలనుకున్నాను.

తీరా డేటాబేస్‌లో వెతికితే అన్నిటికన్నా పైన వచ్చేది 1925 నాటి ఫాస్ఫరస్ పత్రం. దానికి వేల సైటేషన్లు ఉన్నాయి. ఆ తర్వాత 1929 ఫాస్ఫోక్రియాటిన్ (కండరాల్లో శక్తి దాచే పదార్థం) పత్రం, ఫోలిక్ యాసిడ్ (ఒక బి విటమిన్) పత్రాలు. ల్యుకేమియా అనే మాటా ఆయన పేరూ కలిపి వెతికితే ఆయన గురించి వేరేవాళ్లు రాసినవే వస్తున్నాయి తప్ప, ఆయన రాసింది నాకు ఒక్కటీ దొరకలేదు. పైగా మా పెద్దసారు "హెచ్-ఇండెక్స్ ఎంతో కూడా వెయ్యండి, ఇప్పటి పిల్లలకి అలా చెబితేనే తెలుస్తుంది" అన్నారు. వెయ్యాలా వద్దా? తెలిసినవాళ్లు చెప్పండి.

బెజవాడ_కుర్రాడు:
దొరకదండీ. ఎందుకంటే ఆ ల్యుకేమియా పత్రం మీద ఆయన పేరు లేదు. 1948 జూన్ 3 నాటి న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ తెరవండి. ఫార్బర్, డైమండ్, మెర్సర్, సిల్వెస్టర్, వుల్ఫ్. ఐదు పేర్లు. మందు సుబ్బారావు గారి ల్యాబ్‌ది, పేర్లు బోస్టన్ డాక్టర్లవి. ఆ పత్రం వచ్చిన రెండు నెలలకే, ఆగస్టు 8న ఆయన పోయారు. 53 ఏళ్లు. నోబెల్ లేదు, ఏమీ లేదు. చిన్నప్పటి నుంచీ నాకు ఇది తలుచుకుంటేనే మండుతుంది. మీ బోర్డు మీద ఆ ఐదు పేర్లకి పైన ఆయన పేరు రాయండి, ఎవరేమంటారో చూద్దాం.

తెనాలి_మాస్టారు:
బాబూ, నీ బాధ అర్థమైంది. కానీ కాలేజీ బోర్డు మీద రాసే మాటకి ఆధారం ఉండాలి. పేరు తీసేశారనడానికి ఆధారం లేదు. జరిగింది వేరు.

1948 పత్రం రాసినవాళ్లు బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో ఆ మందు ఎక్కించి, రక్తం, ఎముక మజ్జ పరీక్షలు చూసుకుంటూ పిల్లల పక్కన కూర్చున్న వైద్య బృందం. మందు చేసింది న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ రసాయనవేత్తలు. వాళ్లు తమ పని విడిగా ప్రచురించుకున్నారు. 1947లో అమెరికన్ కెమికల్ సొసైటీ జర్నల్లో ఆ మందు, అంటే అమినోప్టెరిన్ గురించి వచ్చిన పత్రంలో పేర్లు సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్. అందులోనూ సుబ్బారావు గారి పేరు లేదు. ఆయన అప్పటికి అక్కడ పరిశోధన మొత్తానికి డైరెక్టర్. కింద పనిచేసే ప్రతివాడి పత్రం మీదా తన పేరు ఉండాలనే పెద్దలు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. ఆయన ఆ కోవ కాదు. ఫార్బర్ పత్రం లోపల మందు పంపిన బృందంగా సుబ్బారావు, ఆయన సహచరుల ప్రస్తావన ఉంది. అయితే వ్యాసం లోపల ఉన్న మాటని ఏ సైటేషన్ లెక్కా పట్టుకోదు, అది వేరే సంగతి.

ఆయన పేరు ఉన్నది ఫోలిక్ యాసిడ్ సంశ్లేషణ (ల్యాబ్‌లో తయారుచేయడం) పత్రాల మీద. 1945లో సైన్స్ పత్రికలో వచ్చినదాంట్లో 16 మంది రచయితలు. మొదటి పేరు యాంగియర్, సుబ్బారావు గారిది ఏడో పేరు. ఎందుకో తెలుసా? మొదటి ఎనిమిది పేర్లూ అక్షర క్రమంలో వేశారు. అందుకే ఆ పత్రాన్ని ఇప్పటికీ "యాంగియర్ తదితరులు" అంటారు.

ఇంకో సంగతి కూడా బోర్డు మీద ఉండాలి. ఫోలిక్ యాసిడ్ కథ అమెరికాలో మొదలు కాలేదు. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ బొంబాయి వచ్చి, గర్భిణులకి వచ్చే రక్తహీనత మీద పనిచేసి, ఈస్ట్ సారంతో అది తగ్గుతుందని 1931లో చూపించింది. ఆ సారంలో ఉన్నది ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ జాతి విటమిన్ అని తర్వాత తేలింది. సుబ్బారావు గారి అన్న స్ప్రూ జబ్బుతో పోయాడు. రక్తం లేక, తిన్నది ఒంటబట్టక మనిషి కరిగిపోయే జబ్బు అది. దానికి మందు కనిపెట్టాలన్న పట్టుదలతో ఆయన కాలేయంలో ఉన్న ఆ పదార్థం వెంటపడ్డాడు. స్ప్రూకి మందు వెతుకుతూ వెళ్లిన దారి చివరికి పిల్లల ల్యుకేమియా దగ్గరికి చేరింది. ఇది ఏ హెచ్-ఇండెక్స్‌లో కనిపిస్తుంది?

మంగళగిరి_డేటా:
మాస్టారు చెప్పిన "యాంగియర్ తదితరులు" దగ్గరే అసలు చిక్కు ఉంది. నేను పరిశోధన గణాంకాల పని చేస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

సైటేషన్లని పద్ధతిగా లెక్కపెట్టడం యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో తెచ్చిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌తో మొదలైంది. సుబ్బారావు గారు పోయి అప్పటికి 16 ఏళ్లు. ఆ అచ్చు పుస్తకాల్లో ఉదహరించిన పత్రాలు మొదటి రచయిత పేరు కిందే ఉండేవి. ఫాస్ఫరస్ పత్రం మీద మొదటి పేరు ఫిస్కే, రెండోది సుబ్బారావు. కాబట్టి కొన్ని దశాబ్దాలపాటు ఆ పత్రానికి వచ్చిన గుర్తింపంతా ఫిస్కే పేరు కిందే అచ్చయింది. కంప్యూటర్లు వచ్చాక అందరు రచయితల పేర్లూ చేర్చారు గానీ, మన పేర్ల రాతతో ఇంకో ఇబ్బంది వచ్చింది. ఇంగ్లిష్‌లో ఆయన పేరుని రెండు ముక్కలుగా రాసినవాళ్లున్నారు, మధ్యలో పెద్ద అక్షరంతో కలిపి రాసినవాళ్లున్నారు, చివర 'రో' అని, 'రావు' అని రాసినవాళ్లూ ఉన్నారు. ఇంటిపేరు ఏదో, సొంత పేరు ఏదో తెలియక తారుమారు చేసిన చోట్లు మరికొన్ని. డేటాబేస్ వీటిని వేర్వేరు మనుషులుగా చూపిస్తుంది. ఒకసారి అన్ని రూపాలతోనూ వెతకండి, మీకే తెలుస్తుంది.

హెచ్-ఇండెక్స్ అనేది హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త 2005లో ప్రతిపాదించిన కొలత. ఒక మనిషి పత్రాల్లో కనీసం 20 పత్రాలకి తలా 20 సైటేషన్లు ఉంటే ఆయన హెచ్-ఇండెక్స్ 20. ఒకే పత్రానికి 10,000 సైటేషన్లు వచ్చి, మిగతావి ఏవీ లేకపోతే ఆ మనిషి హెచ్-ఇండెక్స్ 1. ఎక్కువ పత్రాలు, ఎక్కువ కాలం రాసినవాళ్లకి అనుకూలమైన కొలత అది. పేరు వేసుకోని మనిషికి దాన్ని కట్టడం ఆయనకి అన్యాయం, చదివే పిల్లలకీ అన్యాయం. నా మాట అడిగితే వెయ్యొద్దు.

బెజవాడ_కుర్రాడు:
అంటే సైటేషన్లకి అసలు విలువే లేదంటారా? మరి ఆ ఫాస్ఫరస్ పత్రానికి అన్ని వేలు ఎందుకొచ్చాయి? అది క్యాన్సర్ కన్నా గొప్పదా?

ల్యాబ్_మేడం:
విజయవాడలో బయోకెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. ఈ ప్రశ్నకి జవాబు నేనివ్వాలి.

మెడికల్ కాలేజీ మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో "ఫిస్కే-సుబ్బారావు పద్ధతి" చేయని పిల్లలు మా కాలంలో లేరు. సీరంలో ప్రొటీన్లని ట్రైక్లోరో అసిటిక్ యాసిడ్‌తో దించేసి, వడకట్టిన నీటిలో అమ్మోనియం మాలిబ్డేట్ కలుపుతాం. ఫాస్ఫేట్ ఉంటే ఫాస్ఫోమాలిబ్డేట్ అవుతుంది. దానికి ఎన్సా అనే రిడ్యూసింగ్ ఏజెంట్ చేరిస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదురైతే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఇంతే పద్ధతి. కానీ దీనికి ముందు అంత కొద్ది రక్తంలో ఫాస్ఫరస్‌ని నమ్మకంగా, త్వరగా కొలవడం కష్టంగా ఉండేది. ఈ పద్ధతి చేతిలో ఉండబట్టే వాళ్లిద్దరూ కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ని పట్టుకున్నారు. 1929లో కణాలకి శక్తినిచ్చే ఏటీపీని జర్మనీలో లోమన్, హార్వర్డ్‌లో వీళ్లు విడివిడిగా కనుక్కున్నారు. ఆ తర్వాత ఎంజైముల మీద, కణ పొరల మీద పనిచేసిన ఎవరికైనా ఫాస్ఫేట్ కొలవాల్సిన అవసరం వచ్చింది. కొలిచినప్పుడల్లా ఈ పత్రాన్ని ఉదహరించారు. ప్రపంచంలో అత్యధికంగా ఉదహరించిన పత్రాల్లో పద్ధతులు చెప్పినవే ఎక్కువ. లౌరీ 1951లో ప్రొటీన్ కొలిచే పద్ధతి రాశాడు, దానికి 3,00,000 పైన సైటేషన్లున్నాయి. లౌరీ కూడా తన పత్రాల్లో అదే గొప్పదని ఎన్నడూ అనుకోలేదు.

అయితే తమ్ముడూ, ఫాస్ఫరస్‌కీ పిల్లల ల్యుకేమియాకీ సంబంధం లేదనుకోకు. మందు మొదలుపెట్టిన మొదటి రోజుల్లో లక్షల కోట్ల క్యాన్సర్ కణాలు ఒక్కసారిగా పగిలిపోతాయి. లోపలున్న ఫాస్ఫేట్, పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలోకి వస్తాయి. కాల్షియం పడిపోతుంది, కిడ్నీలు మొరాయిస్తాయి. దీన్ని ట్యూమర్ లైసిస్ అంటారు. ఆ రోజుల్లో పిల్లవాడి ఫాస్ఫరస్ రిపోర్టు కోసం వార్డు నుంచి మా ల్యాబ్‌కి ఫోన్ల మీద ఫోన్లు వచ్చేవి. ఇప్పటి యంత్రాలు ఎన్సా వాడకుండానే ఫాస్ఫోమాలిబ్డేట్‌ని నేరుగా కొలుస్తాయి, కానీ మాలిబ్డేట్ రసాయనం అదే. మందు కనిపెట్టిన బృందానికి పెద్దగా ఉన్న మనిషే, ఆ మందు కణాల్ని చంపేటప్పుడు చూసుకోవాల్సిన పరీక్షకి కూడా పద్ధతి ఇచ్చాడు. అదీ ఇరవై ఏళ్లకి పైగా ముందే. క్లాసులో ఈ మాట చెప్పినప్పుడు పిల్లలు పెన్ను పక్కన పెట్టి వినేవాళ్లు.

కృష్ణలంక_నాన్న:
చాలా రోజులుగా ఈ గ్రూపులో చదవడమే తప్ప రాయలేదు. ఈ చర్చ చూసి రాయాలనిపించింది.

మా బాబుకి ఏ.ఎల్.ఎల్., పిల్లల్లో ఎక్కువగా వచ్చే ల్యుకేమియా. ఇప్పుడు మెయింటెనెన్స్‌లో (జబ్బు తిరగబెట్టకుండా మందులు వాడే దశలో) ఉన్నాడు. ప్రతి శుక్రవారం రాత్రి మెథోట్రెక్సేట్ మాత్రలు, రోజూ 6-ఎంపీ అనే ఇంకో మాత్ర. మొదట్లో ఒక మందుల షాపులో కవరు మీద మెథోట్రెక్సేట్‌ని కూడా రోజుకొకటి అని రాసిచ్చారు. ఆస్పత్రిలో నర్సమ్మ కవరు చూసి ఆపింది. అప్పటి నుంచి క్యాలెండర్‌లో శుక్రవారాలకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెడుతున్నాం. ఆరోగ్యశ్రీ ఉండబట్టి ఇంతదాకా వచ్చాం, లేకపోతే నా ఆటో అమ్మినా సరిపోయేది కాదు.

వార్డులో ఒక జూనియర్ డాక్టరు గారు చెప్పారు, ఈ మాత్ర వెనక భీమవరం ఆయన ఉన్నారని. మా అత్తగారిది భీమవరం పక్కనే. ఆ రోజు ఆవిడ ఎంత సంతోషపడిందో చెప్పలేను. మాకు ఆయన ఏ పత్రంలో ఎన్నో పేరో తెలియదండీ. ఆ మాత్ర తెలుసు.

ఒక సందేహం ఉంది. పిల్లవాడు నీరసంగా ఉన్నాడని పక్కింటివాళ్లు ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఇవ్వమంటున్నారు. మాస్టారు గారు ఫోలిక్ యాసిడ్ రక్తానికి మంచిదన్నట్టు రాశారు. ఇవ్వచ్చా?

పిల్లల_వార్డు_పీజీ:
అన్నా, మీ డాక్టరు చెప్పకుండా ఇవ్వొద్దు. పక్కింటివాళ్లు మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, కానీ వద్దు. మెథోట్రెక్సేట్ చేసే పనే ఫోలేట్‌ని అడ్డుకోవడం. కణం రెండుగా చీలాలంటే కొత్త డీఎన్ఏ కావాలి, దానికి ఫోలేట్ కావాలి. మెథోట్రెక్సేట్ ఫోలేట్‌లాగే ఉండి, ఎంజైముకి అతుక్కుని, దారి మూసేస్తుంది. బయట నుంచి ఫోలిక్ యాసిడ్ పోస్తే మందు పని తగ్గే ప్రమాదం ఉంది. కీళ్లవాతానికి ఇదే మందు వాడేవాళ్లకి ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు, అది చూసి కొందరు పొరబడతారు. ల్యుకేమియాలో లెక్క వేరు. నీరసం, నోట్లో పుళ్లు, జ్వరం ఏది ఉన్నా ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఫార్బర్‌కి ఆ ఆలోచన వచ్చింది కూడా ఇదే దారిలో. ఆయన మొదట ఫోలిక్ యాసిడ్ జాతి పదార్థాలే ల్యుకేమియా పిల్లలకి ఇచ్చాడు. చనిపోయిన పిల్లల మజ్జ చూస్తే క్యాన్సర్ కణాలు ఇంకా జోరుగా పెరిగినట్టు అనిపించింది. ఫోలేట్ ఇస్తే పెరుగుతున్నాయంటే, ఫోలేట్‌ని అడ్డుకుంటే తగ్గాలి కదా అనుకున్నాడు. అడ్డుకునే పదార్థాలు లెడర్లీ దగ్గర ఉన్నాయి. అవి బోస్టన్‌కి చేరాయి. 16 మంది పిల్లలకి అమినోప్టెరిన్ ఇస్తే 10 మందికి మెరుగైంది. ఆ మెరుగు తాత్కాలికమేనని పత్రం పేరులోనే రాశాడు. అప్పటిదాకా ఆ జబ్బు వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవాళ్లు. ఆ మందుతో వచ్చిన మెరుగు కొన్ని నెలలు నిలిచింది, తర్వాత జబ్బు తిరగబెట్టింది. కానీ రసాయనంతో ల్యుకేమియా తగ్గుతుందని అంతకుముందు నమ్మినవాళ్లు తక్కువ. కొద్దికాలంలోనే అమినోప్టెరిన్ స్థానంలో మెథోట్రెక్సేట్ వచ్చింది. అదీ లెడర్లీ నుంచే.

మీ బాబు వేసుకునే రెండో మందు 6-ఎంపీ సంగతి కూడా చెబుతాను. దాన్ని 1951లో తయారుచేసింది గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్. 1988లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ హిచింగ్స్ పీహెచ్‌డీ చేసింది హార్వర్డ్‌లో, ఫిస్కే, సుబ్బారావు పనిచేస్తున్న ఆ విభాగంలోనే. రెండు మాత్రల వెనకా ఉన్న మనుషులు ఒకప్పుడు ఒకే ల్యాబ్ వరండాల్లో తిరిగారు. ట్యూమర్ లైసిస్ రాకుండా ఇచ్చే అల్లోపురినాల్ కూడా హిచింగ్స్, ఎలియన్‌లదే.

మోడరేటర్:
మోతాదులు, ఎవరి రిపోర్టులు ఎలా ఉన్నాయి అనే ప్రశ్నలు ఇక్కడ పెట్టకండి. పీజీ గారు చెప్పినట్టు మీ డాక్టరునే అడగండి. మిగతా చర్చ సాగించండి.

మంగళగిరి_డేటా:
పీజీ గారు రాసింది చదివాక ఒక మాట చేర్చాలి. ఇప్పుడు పిల్లల ఏ.ఎల్.ఎల్. వైద్యం మీద ఏటా వచ్చే పత్రాల్లో మెథోట్రెక్సేట్ ప్రస్తావన ఉన్నవి చాలా. వాటిలో ఎన్ని 1947 రసాయన పత్రాన్ని ఉదహరిస్తాయి? దాదాపు ఏవీ ఉదహరించవు. సున్నా వాడిన ప్రతివాడూ దాన్ని కనిపెట్టినవాళ్లని తలుచుకోనట్టే ఇది. రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త దీని గురించి రాశాడు. ఒక ఆవిష్కరణ అందరి జ్ఞానంలో కలిసిపోయాక, దాన్ని ఎవరు తెచ్చారో చెప్పాల్సిన అవసరం ఎవరికీ కనిపించదు. ప్రభావం మరీ పెరిగితే సైటేషన్లు ఆగిపోతాయి. మధ్యస్థంగా ఉపయోగపడిన పత్రం పేరు ఎక్కువకాలం వినిపించవచ్చు. కాబట్టి లైబ్రరీ గారూ, ల్యుకేమియా దగ్గర సైటేషన్ అంకె వెయ్యకుండా, మెథోట్రెక్సేట్ నేటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉందని రాయండి. అది ఎవరైనా సరిచూసుకోగల నిజం.

పిల్లల_వార్డు_పీజీ:
ఇక్కడ నేను కొంచెం విభేదిస్తాను. సైటేషన్లని పూర్తిగా పక్కన పెట్టేస్తే రేపు ఎవరి పని మంచిదో చెప్పడానికి పెద్దవాళ్ల ఇష్టాయిష్టాలే మిగులుతాయి. అది ఇంకా ప్రమాదం. మా ప్రొఫెసర్ల ప్రమోషన్లకి పత్రాలు లెక్క అడుగుతారు. ఆ లెక్క కోసం డబ్బు కట్టించుకుని ఏదైనా అచ్చేసే పత్రికలు పుట్టుకొచ్చాయి. ఒక చోట నా పేరు, పని చేయని ఇద్దరి పేర్లు కలిపి పంపాల్సి వచ్చింది. ఆ బాధ ఇంకా ఉంది. అందుకే అంకె ఉండాలి, దాని పక్కన ఆ పత్రాన్ని చదివినవాడి మాట కూడా ఉండాలి అంటాను.

చదివితే ఏం తెలుస్తుందో ల్యుకేమియాలోనే చూపిస్తాను. 1960ల మొదట్లో ఈ పిల్లల్లో బతికి బట్టకట్టేవాళ్లు చాలా కొద్దిమంది. మెంఫిస్‌లో సెయింట్ జూడ్ ఆస్పత్రి 1962లో తెరుచుకుంది. అక్కడ డొనాల్డ్ పింకెల్ మందులన్నీ కలిపి, వెన్నులోకి మెథోట్రెక్సేట్ ఎక్కించి, మెదడుకి రేడియేషన్ ఇచ్చి, మొత్తం వైద్యంగా రూపొందించాడు. ఆ దశాబ్దం చివర్లో జరిగిన ఐదో అధ్యయనంలో 35 మంది పిల్లలే ఉన్నారు. దాదాపు సగం మంది నయమయ్యారు. 35 మంది అంటే ఇప్పటి సమీక్షకులు చిన్న అధ్యయనం అని వెనక్కి పంపేస్తారేమో. నయం అన్న మాట వాడటానికి ప్రపంచానికి ధైర్యం ఇచ్చింది ఆ 35 మందే. తర్వాత జర్మనీలో బీఎఫ్ఎం అనే వైద్యుల బృందం వైద్యాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. 2009లో సెయింట్ జూడ్ నుంచే చింగ్-హోన్ పుయ్ బృందం 498 మంది పిల్లల ఫలితాలు ప్రచురించింది. పింకెల్ మొదలుపెట్టిన మెదడు రేడియేషన్‌ని ఎవరికీ ఇవ్వకుండా, మందులతోనే పని జరుగుతుందని చూపించింది. రేడియేషన్ వల్ల పిల్లల చదువు, ఎదుగుదల దెబ్బతినేవి. ఈ పత్రానికి సైటేషన్లూ ఎక్కువే, వాటికి తగ్గ పనీ ఉంది. ఇక్కడ అంకె అబద్ధం చెప్పలేదు.

మన దేశం సంగతి చూడండి. 1980ల్లో ముంబయి టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్, చెన్నై క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్, అమెరికా క్యాన్సర్ సంస్థకి చెందిన ఇయాన్ మెగ్రాత్ కలిసి ఎంసీపీ-841 అనే ప్రోటోకాల్ (ఏ మందు ఎప్పుడు ఇవ్వాలో చెప్పే వైద్య ప్రణాళిక) తెచ్చారు. దాని ఇరవై ఏళ్ల అనుభవం 2005లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వచ్చింది. చెన్నై డాక్టర్ శాంత గారు, ముంబయి డాక్టర్ అద్వానీ గారు ఆ పత్రం రాసినవాళ్లలో ఉన్నారు. ఇన్‌ఫెక్షన్‌తో పిల్లలు పోవడం, డబ్బుల్లేక, దూరాభారం వల్ల వైద్యం మధ్యలో వదిలేయడం, ఇవి మన సమస్యలు. ధనిక దేశాల్లో ఏ.ఎల్.ఎల్. పిల్లలు 90 శాతం దాకా బతుకుతుంటే మనం వెనకబడింది ఇక్కడే. వీటి గురించి రాసిన పత్రాన్ని బోస్టన్‌లో ఎంతమంది చదువుతారు? నాకు, నా వార్డుకి మాత్రం అది కావాలి.

తెనాలి_మాస్టారు:
పీజీ అమ్మా/బాబూ, ఎవరైనా సరే, బాగా రాశావు. అక్కర్లేని పేర్లు వేయించుకునేవాళ్ల మధ్య పెరిగినవాళ్లకే సుబ్బారావు గారి గుణం ఏంటో తెలుస్తుంది.

బోర్డు మీద సీగర్, హల్ట్‌క్విస్ట్, స్మిత్ పేర్లు కూడా ఉండాలని నా పట్టు. మనవాడి పేరు లేదని మనం బాధపడుతున్నాం. ఫ్లాస్కు పట్టుకుని ఆ పదార్థం చేసినవాళ్ల పేర్లు మనమే వదిలేస్తే ఎలా?

బెజవాడ_కుర్రాడు:
మాస్టారూ, ఒప్పుకోను. వాళ్ల పేర్లు వాళ్ల దేశంలో ఎవరో ఒకరు రాసుకుంటారు. ఇక్కడ ఇంటర్ పిల్లల్ని అడగండి, సుబ్బారావు ఎవరంటే సగం మందికి తెలియదు. ఒక పేరు గుర్తుండటమే కష్టం, నలుగురిని పెడితే ఎవరూ గుర్తుండరు. ముందు ఆయన పేరు నిలబెట్టాలి.

తెనాలి_మాస్టారు:
నిలబెట్టాల్సిందే. పెద్దక్షరాల్లో రాయండి. కింద చిన్నక్షరాల్లోనైనా ఆ ముగ్గురూ ఉండాలి. ఇందులో నేను తగ్గను.

ఏలూరు_కాలువ:
ఒక మాట చెప్పి వెళ్తాను. బోదకాలు రాకుండా ప్రభుత్వం మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డీఈసీ మాత్రలు కూడా 1947లో ఆ లెడర్లీ నుంచే వచ్చాయి. అదీ సుబ్బారావు గారి హయాంలోనే. కాలువ గట్టు ఊళ్లలో బోదకాలున్న మనిషి లేని వీధి ఉండేది కాదు. ఆ పత్రంలోనూ మొదటి పేరు ఆయనది కాదు.

గుంటూరు_లైబ్రరీ:
అందరికీ ధన్యవాదాలు. హెచ్-ఇండెక్స్ వెయ్యడం లేదు, పెద్దసారుకి ఈ చర్చ ప్రింటు తీసి చూపిస్తాను. 1925 ఫాస్ఫరస్ పత్రం మొదటి పేజీ, 1945 సైన్స్ పత్రంలో 16 పేర్ల వరస, 1947 రసాయన పత్రం, 1948 ఫార్బర్ పత్రం పక్కపక్కనే పెడతాను. ప్రతిదాని కింద ఆయన పేరు ఎక్కడుందో, ఎక్కడ లేదో, ఆయన చేసిన పని ఏమిటో రాస్తాను. ముగ్గురు రసాయనవేత్తల పేర్లూ ఉంటాయి మాస్టారూ.

మేడం, ఒక చిన్న సాయం కావాలి. ఆ నీలం రంగు ప్రయోగం హాల్లో చేసి చూపించడం కుదురుతుందా? మా దగ్గర కొత్త యంత్రమే ఉంది, పిల్లలు ఆ రంగు చూడనేలేదు.

ల్యాబ్_మేడం:
తప్పకుండా. రక్తం వద్దు, స్టాండర్డ్ ఫాస్ఫేట్ ద్రావణంతోనే చేద్దాం. అయిదు టెస్ట్ ట్యూబుల్లో మోతాదు పెంచుకుంటూ పోస్తే లేత నీలం నుంచి ముదురు నీలం దాకా వరసగా వస్తుంది. వెనక తెల్ల కాగితం పెడితే చివరి వరసలో కూర్చున్నవాళ్లకీ కనిపిస్తుంది. అమ్మోనియం మాలిబ్డేట్, సల్ఫ్యూరిక్ యాసిడ్ మీ కెమిస్ట్రీ స్టోర్‌లో ఉంటాయి. ఎన్సా ఉందో లేదో ముందే చూసుకోండి. ఉన్నా పాతదైతే వాడకండి, రంగు సరిగా రాదు. కొత్తది కలిపాక ముదురు గోధుమరంగు సీసాలో, వెలుతురు తగలకుండా పెట్టాలి. నేను ముందు రోజు సాయంత్రం బస్సుకి వస్తాను, ఒకసారి చేసి చూసుకుందాం. పీజీ, వీలైతే నువ్వూ రా. ట్యూమర్ లైసిస్ గురించి పిల్లలకి నువ్వు చెబితే బాగుంటుంది. కృష్ణలంక నాన్నగారూ, మీ అత్తగారిని తీసుకొస్తానంటే ముందు వరసలో కుర్చీ వేయిస్తాం. బాబుని మాత్రం జనంలోకి తీసుకురావచ్చో లేదో మీ డాక్టరుని అడిగాకే.